కూతురి పెళ్లికి టైంషేర్ ఇవ్వాలనుకుంటే ముందు ఏడాది ఫీజు సంగతి తేల్చుకోండి

మా కడప జిల్లాలో ఆడపిల్లకు పెళ్లి కుదిరిందంటే ఇంట్లోవాళ్లు ముందు ప్రొద్దుటూరు బస్సెక్కుతారు. నగలు అక్కడ. పట్టుచీరలకు ధర్మవరం. తర్వాత మంచం, బీరువా, ఫ్రిజ్. ఈ మధ్య కొన్ని ఇళ్లలో ఈ వరసలోకి ఇంకోటి వచ్చి చేరింది: ఏడాదికో వారం రిసార్టులో ఉండే మెంబర్‌షిప్. దాన్నే టైంషేర్ అంటున్నారు. పిల్లలిద్దరూ ఉద్యోగాలతో సతమతమవుతుంటారు, ఏడాదిలో ఒక వారమైనా కలిసి ఎక్కడికైనా వెళ్లిరావాలి అన్నది కన్నవాళ్ల ఆశ.

నేను ఆ ఆశతోనే మా ఇద్దరు కూతుళ్లకూ ఇచ్చాను. పెద్దమ్మాయికి ఇచ్చింది మొదటి ఆరేళ్లలో రెండుసార్లే పనికొచ్చింది. చిన్నమ్మాయి వాళ్లు ప్రతి ఏడాదీ వాడుకుంటున్నారు. రెండూ ఒకే రకం మెంబర్‌షిప్‌లు, ఇచ్చిన పద్ధతి మాత్రం వేరు. మీరు ఇవ్వాలనుకుంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది నా అనుభవం మీద చెబుతాను.

ముందు ఇదేంటో అర్థం చేసుకోండి

మీరు గది కొనడం లేదు, స్థలం కొనడం లేదు. రిజిస్ట్రేషన్ ఉండదు, పట్టా రాదు. ఏడాదికి ఇన్ని రోజులు, ఫలానా సీజన్‌లో, ఫలానా సైజు గదిలో ఉండే హక్కు ఒక్కటే కొంటున్నారు. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది 25 ఏళ్ల మెంబర్‌షిప్, ఏడాదికి 7 రోజులు. 25 ఏళ్లు అయ్యాక చేతిలో ఏమీ మిగలదు. ఈ సంగతి మీ ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. మా అమ్మ చాలా కాలం మనవరాలికి ఊటీలో ఇల్లు కొనిచ్చామనే అనుకుంది.

ఈ పద్ధతి ఐరోపాలో పుట్టింది. స్విట్జర్లాండ్‌లో హపిమాగ్ అనే సంస్థ 1963లో మొదలుపెట్టింది. మన దగ్గర ఇలాంటి మెంబర్‌షిప్‌లు అమ్మే కంపెనీలు స్టెర్లింగ్ 1986లో, క్లబ్ మహీంద్రా 1996లో వచ్చాయి. అంటే కొత్త విషయమేం కాదు. కానీ మన దేశంలో టైంషేర్ కోసమని ప్రత్యేకంగా చట్టం లేదు. ఐరోపా దేశాల్లో సంతకం పెట్టాక కూడా 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు చట్టమే ఇస్తుంది. ఇక్కడ ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే. అందుకే కాగితం చదవడం దగ్గర బద్ధకించకండి.

పిల్లల్ని అడగండి, సర్‌ప్రైజ్ వద్దు

పెద్దమ్మాయికి నేను చెప్పకుండా కొన్నాను. పెళ్లిపీటల మీద కవరు చేతిలో పెడితే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. సంతోషించింది కూడా. నాలుగు నెలల తర్వాత ఫోన్‌లో అసలు సంగతి చెప్పింది. "నాన్నా, ఆయనకు వరసగా వారం లీవు ఇవ్వరు. నాకేమో బడి సెలవులప్పుడే కుదురుతుంది. మీరిచ్చినదాంట్లో ఆ రోజులు దొరకవంట."

తను టీచరు. అల్లుడు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇది నాకు తెలియనిది కాదు, తెలిసీ ఆలోచించలేదు.

కాబట్టి రూపాయి కట్టకముందే కాబోయే దంపతులను కూర్చోబెట్టి మూడు విషయాలు అడగండి. ఏడాదిలో ఇద్దరికీ కలిసి ఎన్ని రోజులు లీవు దొరుకుతుంది? ఏ నెలల్లో దొరుకుతుంది? ఇద్దరికీ అసలు రిసార్టులో వారం గడపడం ఇష్టమేనా? కొందరికి ఒకచోట కూర్చోవడం పడదు, తిరగాలి. కొందరికి ఏ నాలుగు రోజులు దొరికినా సొంతూరికి రావాలని ఉంటుంది. రాబోయే రెండేళ్లలో విదేశానికి వెళ్లే ఆలోచన ఉందేమో కూడా కనుక్కోండి. మన పిల్లల్లో సగంమంది కళ్లు అటే ఉన్నాయి. అమెరికా వెళ్లినవాళ్లు ఏడాదికోసారి ఇక్కడికి వచ్చినా ఆ సెలవులు అమ్మానాన్నల ఇళ్లకూ, చుట్టాల పెళ్లిళ్లకే సరిపోతాయి.

వాళ్లు మొహమాటపడుతుంటే అక్కడే ఆగిపోండి. బలవంతంగా ఇచ్చిన సెలవు సెలవులా ఉండదు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని సీజన్ ఎంచుకోండి

కంపెనీలు ఏడాదిని సీజన్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు పెడతాయి. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని ఉంటాయి. పర్పుల్ అన్నిటికంటే ఖరీదు, అందరూ కోరుకునే రోజులు అందులో వస్తాయి. బ్లూ అన్నిటికంటే చవక, జనం వెళ్లని రోజులకు. పై రంగు కొన్నవాళ్లు కింది రంగు రోజుల్లో కూడా వెళ్లొచ్చు. కింది రంగు కొన్నవాళ్లు పైకి వెళ్లడం కష్టం.

పెద్దమ్మాయికి నేను కొన్నది అన్నిటికంటే చవకైన సీజన్. లక్షకు పైగా తగ్గుతోందని అటు మొగ్గాను. తనకు సెలవులు దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలంలో. ఈ మూడూ ఆ రంగులో లేవు.

మీరు చేయాల్సింది ఇది. గోడ క్యాలెండర్ దింపి బల్ల మీద పెట్టండి. వాళ్లకు లీవు దొరికే వారాల మీద పెన్నుతో గీత గీయండి. తర్వాత కంపెనీవాళ్ల సీజన్ పట్టిక తెప్పించుకోండి. గుర్తుంచుకోండి, ఈ రంగులు ఊరిని బట్టి మారతాయి. మే నెల ఊటీలో కిటకిటలాడుతుంది, గోవాలో అంతగా ఉండదు. గీతలు గీసిన వారాలు ఏ రంగులో పడుతున్నాయో చూడండి. ఆ రంగుకు మీ దగ్గర డబ్బు లేకపోతే కింది రంగు కొనకండి, కొనడమే మానేయండి. చవక రంగు కొనడం కంటే కొనకపోవడమే లాభం. నేను కష్టపడి నేర్చుకున్నది ఇదే.

ఇంకొకటి, మన ఇళ్లలోనే వచ్చే చిక్కు. వైశాఖంలో పెళ్లయితే వెంటనే జ్యేష్ఠం, ఆ వెనకే ఆషాఢం. ఆషాఢంలో కొత్త పెళ్లికూతురు పుట్టింట్లో ఉంటుంది. అది పాటించే ఇల్లయితే మొదటి ట్రిప్పు ఆ నెలలో పెట్టకండి, అత్తగారింట్లో మాటొస్తుంది. శ్రావణంలో నోములు, వ్రతాలు. మొదటి ఏడాది దసరా తర్వాత కార్తీకం లోపు గాని, డిసెంబరులో గాని పెట్టుకుంటే అందరికీ కుదురుతుంది.

గది సైజు గురించి కూడా ఒక్క మాట. ఇద్దరే కదా అని స్టూడియో కొంటారు. మూడేళ్లు తిరిగేసరికి ఒక పాప, పాపను చూసుకోవడానికి నాయనమ్మో అమ్మమ్మో తోడవుతారు. స్టూడియోలో ఎంతమందిని ఉండనిస్తారో, అదనపు మనిషికి ఎంత తీసుకుంటారో ముందే అడగండి. స్తోమత ఉంటే ఒక బెడ్‌రూమ్‌దే మేలు.

లెక్క వేయండి, మొత్తం వేయండి

ఇక్కడ ఓపికగా చదవండి. బహుమతి సంతోషమా, బరువా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

మెంబర్‌షిప్‌కు కట్టే డబ్బు ఒక్కటే ఖర్చు కాదు. ప్రతి ఏడాదీ ఒక ఫీజు ఉంటుంది. మెయింటెనెన్స్ అనండి, ఏడాది చందా అనండి. రిసార్టుకు వెళ్లినా వెళ్లకపోయినా అది కట్టాల్సిందే. అది ఏటా పెరుగుతుంది. కట్టకపోతే బుకింగ్ ఆపేస్తారు, బాకీ మీద వడ్డీ కూడా పడుతుంది. పెద్దమ్మాయి విషయంలో ఇదే జరిగింది. మొదటి ఏడాది ఫీజు నేను కట్టాను. తర్వాత ఎవరు కట్టాలో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. నాన్న కడుతున్నాడని వాళ్లు, వాళ్లు కట్టుకుంటున్నారని నేను. రెండేళ్ల బాకీ పేరుకున్నాక అల్లుడి ఫోన్‌కు నోటీసు వెళ్లింది. మామగారిచ్చిన కానుకకు తనకు బిల్లు రావడం అతనికి ఎలా అనిపించి ఉంటుందో ఇప్పటికీ తలుచుకుంటాను. అతను మర్యాదస్తుడు, ఒక్క మాట అనలేదు. నోరు మూసుకుని కొంత కట్టాడు. ఆ సంగతి ఏడాది తర్వాత అమ్మాయి చెబితే గాని నాకు తెలియలేదు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. అంకెలు మీ కొటేషన్‌ను బట్టి మార్చుకోండి. మెంబర్‌షిప్ పన్నులతో కలిపి 4 లక్షలు. ఏడాది ఫీజు జీఎస్‌టీతో కలిపి 18 వేలు, ఏటా 6 శాతం పెరుగుతుందనుకుందాం. పదో ఏడాదికి అది 30 వేలు దాటుతుంది. ఇరవై అయిదో ఏడాదికి దాదాపు 73 వేలు. 25 ఏళ్లలో ఫీజులే దగ్గర దగ్గర 9 లక్షల 88 వేలు. అసలు 4 లక్షలు కలిపితే 13 లక్షల 88 వేలు. మొత్తం 175 రాత్రులు. ఒక్కో రాత్రికి సుమారు 7,900 రూపాయలు. ఒక్క ఏడాది వెళ్లకపోయినా రాత్రి ధర పెరుగుతూ పోతుంది. తిండి, ప్రయాణం వేరే. రిసార్టులో భోజనం మన ఊరి హోటల్ ధరకు రాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రెండో లెక్క. ఆ 4 లక్షలు అమ్మాయి పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారనుకోండి. ఆరున్నర శాతం వడ్డీ అయితే ఏడాదికి 26 వేలు. ఫీజు కట్టాల్సిన 18 వేలు దానికి కలిపితే 44 వేలు. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 6,200 పైచిలుకు. ఇష్టమైన చోట, ఇష్టమైనప్పుడు గది తీసుకోవచ్చు. అసలు 4 లక్షలు అలాగే ఉంటాయి.

అయితే టైంషేర్ దండగేనా? నేను అలా అనను. హోటల్ ధరలు కూడా ఏటా పెరుగుతాయి, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ పెరగదు. దసరాకో, డిసెంబరు చివర్లోనో కుటుంబానికి సరిపోయే మంచి గది కావాలంటే రాత్రికి ఈ లెక్కకంటే ఎక్కువే పెట్టాలి. ఇంకో సంగతి మనుషులకు సంబంధించింది. బ్యాంకులో డబ్బుంటే మనవాళ్లు తీసి ట్రిప్పుకు పెట్టరు. బోరు వేయడానికో, ఇంటి ప్లానుకో, తమ్ముడి ఫీజుకో పోతుంది. ముందే డబ్బు కట్టేసిన వారం అయితే వెళ్తారు. మా చిన్నమ్మాయి వాళ్లు వెళ్తున్నది ఇందుకే. ప్రతి ఏడాదీ ఖచ్చితంగా, రద్దీ రోజుల్లో వాడుకునే జంటకు ఇది గిట్టుబాటు. రెండేళ్లకోసారి వెళ్లేవాళ్లకు గిట్టదు. మీ పిల్లలు ఏ రకమో మీకు తెలుసు.

గిట్టదనిపిస్తే సంకోచం లేకుండా వేరే దారి చూసుకోండి. అయిదేళ్లపాటు ప్రతి పెళ్లిరోజుకూ ఒక ట్రిప్పు మాది అని చెప్పి మీరే బుక్ చేసి పెట్టండి. దూరమే పోనక్కర్లేదు. గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, హార్స్‌లీ హిల్స్‌లోనూ ఉంది. కడప ఎండ తట్టుకోలేక ఒకప్పటి కలెక్టరు హార్స్‌లీ దొర వెతుక్కుని ఇల్లు కట్టుకున్న కొండ అది, ఆయన పేరే దానికి నిలిచింది. గండికోటలో పెన్నా లోయ అంచున తెల్లారేపాటికి కూర్చున్న కొత్త జంటకు స్విట్జర్లాండ్ గుర్తుకు రాదు.

మీటింగుకు వెళ్తే కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి

నా మొదటి కొనుగోలు ఒక హోటల్ హాల్లో జరిగింది. బట్టల షాపులో కూపన్ నింపాం, లక్కీ డ్రాలో బహుమతి వచ్చింది రమ్మన్నారు. భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలన్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది. ఒక్కరే వెళ్తే ఇంటికెళ్లి అడిగి చెబుతానంటారు కదా, ఆ దారి మూసేయడానికే ఇద్దర్నీ పిలుస్తారు.

గట్టిగా పాటలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో జంట, ఒక్కో కుర్రాడు. మా బల్ల దగ్గర కుర్రాడు నన్ను అంకుల్ అని, మా ఆవిడను అమ్మా అని పిలిచాడు. తెల్లకాగితం తీసి పెన్నుతో లెక్కలు మొదలుపెట్టాడు. ఇప్పుడు హోటల్ గది ఇంత, పదిహేనేళ్లకు ఇంత, మీకు మిగిలేది ఇంత. అంకెల కింద రెండేసి గీతలు, చుట్టూ గుండ్రాలు. ఏడాది ఫీజు అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు. రెండు గంటలు దాటాక మేనేజరు వచ్చి ఈ తగ్గింపు ఈ రోజుకే అన్నాడు. మా ఆవిడకు షుగర్ మాత్ర వేసుకునే వేళ దాటుతోంది, లేచిపోదామని నా చేయి నొక్కుతోంది. నేను సంతకం పెట్టేశాను. వచ్చేటప్పుడు చూస్తే, ఆ గుండ్రాల కాగితం మా చేతికి రాలేదు. కుర్రాడు తన ఫైల్లో పెట్టేసుకున్నాడు.

కాబట్టి వెళ్లడం తప్పు కాదు గాని, ఈ పనులు చేయండి. డెబిట్, క్రెడిట్ కార్డులు, చెక్కుబుక్కు ఇంట్లో పెట్టండి. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకండి. వాళ్లు రాసిన కాగితం అడిగి తీసుకోండి, దాని మీద తేదీ, సంతకం చేయమనండి. సంతకం చేయనంటే ఆ కాగితం మీది మాటకు విలువ లేదన్నమాట. ఒప్పందం నమూనా ఇంటికి ఇమ్మని అడగండి. ఈ రోజే అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ ఆఫర్ వచ్చే నెలలో కూడా వస్తుంది.

రెండోసారి నేను అలాగే చేశాను. ఒప్పందం తెచ్చుకుని వారం రోజులు మా వరండాలో కూర్చుని చదివాను. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత గీసి కాబోయే అల్లుడికి చూపించాను. ఇద్దరం కలిసి పదకొండు ప్రశ్నలు రాసి ఈమెయిల్ పంపాం. జవాబులు కూడా ఈమెయిల్లోనే తెప్పించుకున్నాం. నోటిమాట జవాబు తీసుకోకండి.

ఒప్పందంలో వెతకాల్సినవి

రద్దు గడువు ఎన్ని రోజులు, ఆ గడువులో రద్దు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగి వస్తుందా, ఎంత పట్టుకుంటారు. చాలా ఒప్పందాల్లో ఇది పది రోజుల చుట్టూ ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్ మీద ఎర్రగా రాసుకోండి. రద్దు చేయాలంటే ఫోన్ చేస్తే చాలదు, ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపి రశీదు దాచండి.

ఏడాది ఫీజు ఎంతవరకు పెంచొచ్చో పరిమితి రాశారా లేదా. వాడని రోజులు తర్వాతి ఏడాదికి మిగులుతాయా, ఎన్నేళ్లు. ఎన్ని రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. ఇది మాత్రం చాలా ముఖ్యం. సెలవులు నెల ముందు గాని తెలియని ఉద్యోగులకు నెలల ముందు బుక్ చేస్తేనే దొరికే గదులు పనికిరావు. శనివారం, ఆదివారం ఉంటే మన రోజుల్లో అదనంగా కోత వేస్తారా. విదేశీ రిసార్టుల బొమ్మలు చూపిస్తే, మన వారానికి బదులు అక్కడ ఉండే ఆ మార్పిడి ఎవరి ద్వారా, దానికి విడిగా ఎంత కట్టాలో అడగండి. ఆర్‌సీఐ అని 1974 నుంచి ఉన్న మార్పిడి సంస్థ ఒకటుంది, చాలా కంపెనీలు దాని ద్వారానే చేస్తాయి. సభ్యత్వం, మార్పిడి రుసుము అని వేరే ఖర్చులుంటాయి.

చివరగా, ఇంకొకరి పేరుకు మార్చే పద్ధతి, దానికయ్యే ఖర్చు.

ఎవరి పేరు మీద?

మీ పేరు మీద కొని తర్వాత వాళ్లకు మార్చొద్దు. పేరు మార్చే రుసుము దండగ, పైగా మీకేమైనా అయితే పిల్లలు కాగితాల వెంట తిరగాలి. మొదటే దంపతుల పేరు మీద తీసుకోండి. నేను చిన్నమ్మాయిని మొదటి సభ్యురాలిగా, అల్లుణ్ణి జంట సభ్యుడిగా పెట్టించాను. కన్నవాళ్లు కూతురికి పెళ్లిలో ఇచ్చింది ఆమె స్త్రీధనం. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఆమెది ఆమెకు దక్కాలి. ఇది అనుమానం కాదు, మన పుట్టింటి బాధ్యత. అల్లుడికి ముందే చెప్పాను, "నాయనా, మొదటి పేరు అమ్మాయిది పెడుతున్నాను" అని. "అలాగే మామయ్యా" అన్నాడు.

వియ్యాలవారి దగ్గర మాత్రం జాగ్రత్త. మాటలనాడు, నిశ్చితార్థంనాడు ఈ ప్రస్తావన తేకండి. వాళ్లు అడిగితే, షరతుగా పెడితే, అది కానుక కాదు కట్నం. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నం ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ కూడా నేరమే అంటుంది. అడగకుండా ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది, అవి ఆచారం ప్రకారం, ఇచ్చేవాళ్ల స్తోమతకు తగ్గట్టు ఉండాలి, వాటి జాబితా రాసిపెట్టాలి. జాబితా ఎలా ఉండాలో 1985 నాటి నియమాలు చెబుతాయి: వస్తువు ఏది, సుమారు విలువ ఎంత, ఇచ్చినవారి పేరు, ఏమవుతారు. వధూవరులిద్దరూ సంతకం చేయాలి. మనకు చదివింపుల పుస్తకం ఎలాగూ ఉంటుంది కదా, దాంతోపాటు ఇంకో రెండు కాగితాలు. మండపంలో చదివింపులు రాసే మా బాబాయి చేతే ఆ జాబితా కూడా రాయించాను. టైంషేర్ మెంబర్‌షిప్ నంబరుతో సహా అందులో ఉంది.

పన్ను సంగతి టెన్షన్ పడక్కర్లేదు. పెళ్లి సందర్భంగా దంపతులకు వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. తల్లిదండ్రులు పిల్లలకు ఇచ్చేదాని మీద ఎప్పుడూ లేదు. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే కట్టండి. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం పన్ను చట్టం ప్రకారం తప్పు.

ఇక ఈఎంఐ. కానుకకు ఈఎంఐ పెట్టకండి. పెట్టక తప్పకపోతే మీ ఖాతా నుంచే పోవాలి. ఆటోడెబిట్ ఫారం మీద కూతురి సంతకమో అల్లుడి సంతకమో పెట్టించారంటే మీరిచ్చింది కానుక కాదు, అప్పు.

ఇచ్చేటప్పుడు

నేను చిన్నమ్మాయికి ఇచ్చిన పళ్లెంలో చీర, పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, రెండు చీనీకాయలు ఉన్నాయి. వాటి మీద ఒక కవరు. కవరులో నాలుగు కాగితాలు. మెంబర్‌షిప్ పత్రం. మొదటి ఏడాది ఫీజు రశీదు. మొదటి ట్రిప్పు బుకింగ్, మడికేరిలో, డిసెంబరులో. నాలుగోది నా చేత్తో రాసిన ఉత్తరం.

ఆ ఉత్తరంలో ఇలా రాశాను: "మొదటి అయిదేళ్లు ఏడాది ఫీజు నేను కడతాను. అందుకు అమ్మ పేర డిపాజిట్ వేశాను. ఆరో ఏడాది నుంచి మీది. అప్పటికి మీకు బరువనిపిస్తే మార్చేయండి, అమ్మేయండి, నేను ఏమీ అనుకోను." ఆఖరి వాక్యం మా ఆవిడ రాయించింది. మనం ఇచ్చినదాన్ని వదిలించుకునే స్వేచ్ఛ కూడా మనమే ఇవ్వాలంది. మీరు ఎన్నేళ్లు కడతారన్నది మీ ఇష్టం, రెండేళ్లయినా సరే. కానీ ఆ అంకె కాగితం మీద ఉండాలి.

బుకింగ్ పత్రం కూడా తప్పకుండా పెట్టండి. మెంబర్‌షిప్ కార్డు బీరువాలోకి పోతుంది. తేదీ వేసిన బుకింగ్ లీవు అప్లికేషన్ దాకా తీసుకెళ్తుంది. కడప నుంచి బెంగళూరు ఒక పూట, అక్కడి నుంచి మడికేరి ఇంకో పూట. బెంగళూరులో రాత్రి దిగడానికి మా తమ్ముడి ఇంటి చిరునామా కూడా రాసిచ్చాను.

ఇచ్చాక

లాగిన్, పాస్‌వర్డ్ వాళ్లకు అప్పగించేయండి. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవి తీసేసి వాళ్లవి ఎక్కించండి. పెద్దమ్మాయి మెంబర్‌షిప్‌లో నా పాత నంబరే ఉండిపోయి సగం మెసేజ్‌లు నాకే వచ్చేవి, నేను చూసేవాణ్ణి కాదు.

పాత మెంబర్‌షిప్ అమ్మిపెడతాం, ముందు కొంత ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి. పెద్దమ్మాయికి రెండుసార్లు వచ్చాయి. ముందు డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయమని పిల్లలకు చెప్పండి. మార్చాలనుకుంటే కంపెనీకే రాసి, వాళ్ల పద్ధతి ప్రకారం తెలిసినవాళ్లకు మార్చుకోవాలి.

మాట ఇచ్చిన గదులు ఇవ్వకపోతే, రద్దు గడువులో రాసినా డబ్బు తిప్పి ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దానితో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే కేసు వేయడానికి ఫీజు లేదు. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. డబ్బు కట్టింది మీరైనా, మీ అంగీకారంతో ఆ సేవ వాడుకునే పిల్లలు కూడా ఆ చట్టం దృష్టిలో వినియోగదారులే. కేసు వాళ్లే వేసుకోవచ్చు. అందుకే రశీదులు, ఈమెయిళ్లు అన్నీ ఒక ఫైలుగా కట్టి అమ్మాయికి ఇచ్చేయండి.

పెద్దమ్మాయిది కూడా సరిచేసుకున్నాం. పేరుకున్న బాకీలో అల్లుడు కట్టింది పోను మిగతాది నేను కట్టేశాను. పై సీజన్‌కు మార్చడానికి అయిన తేడా సగం నాది, సగం వాళ్లది. ఇప్పుడు దసరా సెలవులకు ఆరు నెలల ముందే ఉగాది నాడు ఫోన్ చేస్తాను. బక్ష్యాలు తిన్నారా అని అడిగాక రెండో మాట బుకింగ్ చేశారా అనే. పోయిన దసరాకు మనవణ్ణి తీసుకుని వియ్యపురాలు కూడా వాళ్లతో ఊటీ వెళ్లింది. పొగమంచులో వణుకుతూ శాలువా కప్పుకుని దిగిన ఫోటో మా ఆవిడకు పంపింది.